ముందు ఎడమ టైరు

నందికొట్కూరు
10 ఫిబ్రవరి 2025

ప్రియమైన నాయనకు,

నీ కూతురు జీవిత వందనాలు. అమ్మ బాగుంది. నాకు జలుబు తప్ప ఇంకే బాధా లేదు. జైల్లో వాళ్ళు వారానికి ఐదు నిమిషాలు ఫోన్ ఇస్తే అందులో సగం అమ్మ ఏడవడానికే సరిపోతోంది. అందుకని ఉత్తరం రాద్దామనుకున్నాను. కడప జైలుకు ఉత్తరం పోతుందా అని పోస్ట్‌మన్ ఈరప్పను అడిగితే, "ఎందుకు పోదు పాపా, ఉత్తరం కోసం ఎదురుచూసేది ఇప్పుడు జైల్లో ఉండేవాళ్ళే కదా" అన్నాడు.

మన పికప్ ఇంటికొచ్చింది నాయనా. రెండేళ్ళ కిందట మిరపకోతకు ఆడవాళ్ళను ఎక్కించుకుని పోతూ నువ్వు బోల్తా పడిన రోజు నుంచి అది స్టేషన్ వెనకే ఎండకు ఎండి వానకు తడిసింది. చిన్నాయన ఏసుకుమార్, నేను పోయి సంతకాలు పెట్టి ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాం. ఇంజను పరవాలేదు, మెకానిక్ స్టార్ట్ చేసి చూపించాడు. చక్రాలే పనికిరావు. మూడు టైర్లు గీతలు గీతలుగా చీలిపోయాయి. ముందు ఎడమ వైపు వట్టి డిస్కు, అది కూడా వంగిపోయింది. మిగిలిన డిస్కులు తుప్పు పట్టాయి.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. లైసెన్స్ కూడా వచ్చింది. ఫోన్లో చెబితే నువ్వు కేకలేస్తావని చెప్పలేదు. పత్తికొండలో ఒక వ్యాపారి, టమోటా బాక్సులు కర్నూలు మార్కెట్టుకు తోలితే రోజూ పని ఇస్తానన్నాడు. బాక్సులే నాయనా, మనుషులను ఎక్కించుకోను. అమ్మ ముందు ప్రమాణం చేశాను. అయినా అమ్మ ఆ బండిని ముట్టుకోదు. వాకిట్లో దాన్ని దాటాల్సి వస్తే గోడకు ఆనుకుని నడుస్తోంది.

ఇప్పుడు ఏ చక్రాలు వేయించాలో చెప్పు. చిన్నాయన వెడల్పు అల్లాయ్ చక్రాలు, లావు టైర్లు వేయిద్దామంటున్నాడు. "వెనక నుంచి చూస్తే బండి సింహం మాదిరి ఉంటాది" అంటాడు. నాకు ఇనుప డిస్కులే నయం అనిపిస్తోంది గానీ గట్టిగా చెప్పేంత తెలీదు. నీకంటే ఎవరికి తెలుసు?

ఆ బోల్తాలో గురమ్మ పెద్దమ్మ పోయిన బాధ నీకెంత ఉందో నాకు తెలుసు. కానీ నీ తప్పేమీ లేదని ఊరందరికీ తెలుసు. టైరు పగలడం మనిషి చేతిలో ఉందా? దిగులు పెట్టుకోవద్దు.

నీ బిడ్డ,
జీవిత


కడప
19 ఫిబ్రవరి 2025

జీవితమ్మకు నాయన దీవెనలు.

ఉత్తరం అందింది. చదివి చొక్కా జేబులో పెట్టుకున్నాను. జైలు తోటలో నీళ్ళు పెడుతూ మళ్ళీ తీసి చదివాను. బండి అమ్మెయ్యమ్మా. పాత ఇనుము కింద పోయినా సరే. నువ్వు డిగ్రీ చదివినదానివి, కర్నూల్లో ఏదో ఒక ఉద్యోగం దొరకదా? స్టీరింగు పట్టుకునేవాడి ప్రాణం వాడి చేతుల్లో ఉండదు. నాలుగు రబ్బరు ముక్కల మీద ఉంటుంది.

మొన్న ఇక్కడ వంటశాలలో పెద్ద గిన్నె కిందపడింది. ఆ చప్పుడుకు నేను బల్ల కింద దూరానట. నాకు తెలీదు, పక్కవాళ్ళు చెప్పారు. నవ్వారు కూడా.

నువ్వు నా మాట వినవని నాకు తెలుసు. వినకపోతే ఇదన్నా విను. ఏసు చెప్పే వెడల్పు చక్రాలు వద్దు. చక్రం మడ్‌గార్డు దాటి బయటికొచ్చిందంటే బరువంతా బేరింగు మీద పడుతుంది. లోడు దిగినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. లావు టైరు బలమైనదనుకుంటారు, కాదు. టైరు పక్క గోడ మీద సైజు రాసి, దాని తర్వాత ఒక అంకె ఉంటుంది. అది ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె. నూటారు ఉంటే ఒక్కో టైరు తొమ్మిదివందల యాభై కిలోలు మోస్తుంది. కార్లకు వేసేవి తొంభై నాలుగు ఉంటాయి, అవి ఆరువందల డెబ్బై దాటి మోయవు. మన బండికి లోడేస్తే వెనక ఇరుసు మీదే పద్దెనిమిది వందల కిలోల దాకా పడుతుంది. లెక్క నువ్వే వేసుకో. పాత టైరుకు పైన కొత్త రబ్బరు అంటించి అమ్ముతారు, అవి ముందు వైపు ఎప్పటికీ వద్దు. కంపెనీ ఇచ్చిన సైజు ఇనుప డిస్కులే వేయించు. నట్లు బిగించాక యాభై కిలోమీటర్లు తోలి మళ్ళీ బిగించు. ఎండాకాలం పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకో, నడిచి వేడెక్కిన టైరులో గాలి తీయొద్దు.

కర్నూలు పోతే ఏ షాపుకైనా పో. బొజ్జన్న షాపుకు మాత్రం పోవద్దు. ఎందుకని అడగొద్దు.

మీ అమ్మను జాగ్రత్తగా చూసుకో.

మీ నాయన,
గాబ్రియేలు


నందికొట్కూరు
27 ఫిబ్రవరి 2025

ప్రియమైన నాయనకు,

వందనాలు. నీ ఉత్తరం ఈ పొద్దే అందింది. కాస్త బాధపడ్డాను. మగపిల్లాడు పుట్టి ఉంటే వాడికి బండి అమ్మెయ్యమని రాసేవాడివా? ఒళ్ళో కూర్చోబెట్టుకుని నాకు గేర్లు చూపించింది నువ్వే.

ఇంకో సంగతి. నీ ఉత్తరం రాకముందే, శనివారం నేను బొజ్జన్న షాపుకు పోయాను. మనం ఎప్పుడూ పోయేది ఆ షాపుకే కదా అని పోయాను. ఆయన నన్ను మొదట గుర్తుపట్టలేదు. టీ తెప్పించి, టైర్లు ఒక్కొక్కటే దొర్లించి చూపించాడు. నువ్వు రాసినట్టే బరువు అంకె చూపించాడు. తర్వాత టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో చిన్న గడి చూపించి, అందులో నాలుగు అంకెలు చదవమన్నాడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. టైరు ఎప్పుడు తయారైందో అది చెబుతుందట. "ఇది సూడకుండా టైరు కొనొద్దు పాపా. పైన గుబ్బలు ఎంత కొత్తగా ఉన్నా ఆరేళ్ళు దాటితే రబ్బరు లోపల చచ్చిపోయుంటాది" అన్నాడు.

అప్పుడు నేను నీ పేరు చెప్పాను. ఆయన చేతిలో టైరు అట్లే వదిలేశాడు, అది దొర్లిపోయి గోడకు తగిలింది. "గాబ్రియేలు కూతురివా?" అన్నాడు. పోయి దాన్ని లేపి గోడకు ఆనించాడు. చివరికి, "ఈ నంబరు సంగతి మీ నాయనకు బాగా తెలుసు. నీకు చెప్పలేదా?" అని అడిగాడు.

చెప్పలేదు నాయనా. ఇంత పెద్ద ఉత్తరంలో నట్ల సంగతి రాశావు, గాలి సంగతి రాశావు. ఈ ఒక్కటీ రాయలేదు. మీ ఇద్దరి మధ్య ఏం జరిగింది?

నాకు ఏదో భయంగా ఉంది. వెంటనే రాయి.

జీవిత


కడప
8 మార్చి 2025

జీవితమ్మకు,

పోవద్దన్న చోటికే పోయావు. బొజ్జన్న ఇంకేమన్నాడు? అమ్మకు చెప్పావా? ఏసుకు చెప్పావా? ఎవరికీ చెప్పొద్దు. ఆయనను మళ్ళీ ఏమీ అడగొద్దు. ఆ టైరు సంగతి నాకూ బొజ్జన్నకూ దేవునికీ తప్ప ఎవరికీ తెలీదు. అట్లనే ఉండనీ. గురమ్మ తిరిగిరాదు.

నాకు నిద్ర రావడం లేదు. ఇక్కడి ఉత్తరాలు జైలు ఆఫీసు సార్లు చదివి గానీ పంపరు, అందుకే ఎక్కువ రాయలేను.

నిన్ను మగపిల్లాడి కంటే తక్కువగా ఎప్పుడూ చూడలేదమ్మా. భయపడ్డాను, అంతే.

నాయన


నందికొట్కూరు
22 మార్చి 2025

నాయనా,

ఇది తొందరగా రాస్తున్నాను. దయచేసి అందిన రోజే జవాబు రాయి.

నీ ఉత్తరం చిన్నాయన చేతికి చిక్కింది. నేను పత్తికొండలో ఉండగా ఈరప్ప తెచ్చి ఇస్తే, అమ్మ చదివి వినిపించమని చిన్నాయనకే ఇచ్చింది. "నాకూ బొజ్జన్నకూ దేవునికీ తప్ప" అన్న మాట చదివి ఆయన లేచి నిలబడ్డాడట. "ఇంకేం గావల్ల వదినా! ఆ బొజ్జన్నే చెడిపోయిన టైరు అంటగట్టినాడు. మా అన్న నోరు మూసుకోని వాని పాపం మోస్తాండాడు" అన్నాడట. నాకూ అట్లే అనిపించింది నాయనా. లేకపోతే ఆయన నన్ను చూసి ఎందుకు అట్ల అయిపోతాడు?

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చిన్నాయన పోయి పుల్లయ్య పెదనాయనకు చెప్పాడు. తన భార్య గురమ్మ పెద్దమ్మ పోయినప్పటి నుంచి ఆ మనిషి ఎవరితోనూ మాట్లాడడు, నీకు తెలుసు కదా. అంతా విని, "అట్లనా" అన్నాడట. మరుసటి రోజు చిన్నాయన ఇంకో ఇద్దరితో పోయి బొజ్జన్న షాపు అద్దాలు పగలగొట్టి వచ్చాడు. పుల్లయ్య పెదనాయన వాళ్ళతో పోలేదు. "అద్దాలు పగలగొడితే ఏమొస్తాది" అన్నాడట. ఏప్రిల్ తొమ్మిదిన పెద్దమ్మకు సంవత్సరీకం పెడుతున్నాడు. అది అయినాక ఒక్కడే కర్నూలు పోతానని చెబుతున్నాడు. మొన్న నేను వాళ్ళ ఇంటి ముందు నుంచి పోతుంటే కత్తి నూరుతున్నాడు. చెరుకు కొట్టే కత్తి. వాళ్ళకు చెరుకు ఎక్కడిది నాయనా?

ఇక చక్రాల సంగతి. నా మాట వినకుండా చిన్నాయన ఎక్కడి నుంచో వాడిన అల్లాయ్‌లు, లావు టైర్లు తెచ్చి బిగించేశాడు. బరువు అంకె అడిగితే, "అదంతా బొజ్జన్న చెప్పే కతలు" అన్నాడు. తయారీ నంబరు కోసం చూశాను, ఎక్కడా కనపడలేదు. ఈ రకానికి ఉండదట. మంగళవారం మొదటి లోడు ఎత్తాను. పత్తికొండ దాటి పది కిలోమీటర్లు రాకముందే మలుపులో వెనక నుంచి గర్రుమని చప్పుడు, రబ్బరు కాలిన వాసన. పక్కకు ఆపి దిగితే టైరు మడ్‌గార్డుకు రాసుకుని పొగ వస్తోంది. పక్క గోడ మీద నిమ్మకాయంత ఉబ్బు. రోడ్డు మీదే కూర్చున్నాను. నువ్వు రాసినవన్నీ గుర్తొచ్చాయి. బాక్సులు వేరే బండిలోకి మార్చి, ఖాళీ బండిని సైకిలంత మెల్లగా తోలి రాత్రికి ఇంటికి తెచ్చాను.

అమ్మకు ఇంకా చెప్పలేదు.

ఒక్క మాట రాయి నాయనా. బొజ్జన్న తెలిసే అమ్మాడా? తెలిసి అమ్మి ఉంటే పోలీసులకు చెబుదాం. అప్పుడన్నా పుల్లయ్య పెదనాయన ఆగుతాడేమో.

జీవిత


కడప
30 మార్చి 2025

జీవితమ్మకు,

నిన్న ఫోన్ చేసినప్పుడు నీతో చెప్పాలనే చేశాను. "బొజ్జన్న తప్పేమీ లేదమ్మా" అన్నాను. నువ్వు, "నీవు అందర్నీ కాపాడాలనే చూస్తావు నాయనా" అన్నావు. నీ గొంతులో ఆ గర్వం విని నా నోరు పడిపోయింది. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. ఐదు నిమిషాలు అయిపోయాయి. ఇప్పుడు రాస్తున్నాను. ఎవరు చదివినా చదవనీ.

ఆ టైరు బొజ్జన్న అమ్మలేదు. నేను ఒక పాత బండివాళ్ళ దగ్గర డిస్కుతో సహా కొన్నాను. వాళ్ళు స్టెప్నీగా పెట్టి ఒక్కసారీ వాడలేదు. గుబ్బలు నిగనిగలాడుతున్నాయి. ముందు ఎడమ వైపుది అరిగిపోయింది, దాని బదులు వేద్దామనుకుని గాలి పట్టించడానికి బొజ్జన్న దగ్గరికి తీసుకుపోయాను. ఆయన తుడిచి నంబరు చూశాడు. 3214. రెండు వేల పద్నాలుగులో పుట్టిన టైరు.

"గాబ్రియేలన్నా, ఇది తొమ్మిదేళ్ళ టైరు. ముందర ఏసుకోవద్దు. ఎండకు ఎప్పుడు పగుల్తాదో దేవునికి కూడా తెలీదు" అన్నాడు.

"గాలి కొట్టు చాలు" అన్నాను.

"కొట్టను. నీవు మనుషుల్ని తోల్తావు. నా చేత్తో గాలి కొట్టను" అన్నాడు. నేను కోపంగా టైరు తీసుకుని బయటికొచ్చాను. మళ్ళీ తన షాపుకు రావద్దన్నట్టు ఏదో అన్నాడు, నేను అంతకంటే పెద్ద మాట అన్నాను. ఇంటి దగ్గర పంచర్ షాపులో గాలి పట్టించి, జాకీ వేసి నేనే బిగించాను. మిరపకోత ఇంకో వారం ఉంది, అది అయిపోతే మారుద్దాం అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున పగిలింది. వెనక ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు. గురమ్మ వెనక తలుపు దగ్గర కూర్చుని ఉండింది.

బొజ్జన్న కోర్టుకొచ్చి ఈ మాట చెబుతాడని ఎదురుచూశాను. ఆయనను ఎవరూ పిలవలేదు. నేనూ చెప్పలేదు. టైరు పగిలిందన్నాను, అంతే. ఆ మాట అబద్ధం కాదు, అందుకే అది ఇంకా పెద్ద అబద్ధం. నీ తప్పేమీ లేదని నువ్వు రాసిన ప్రతిసారీ ఈ గది గోడలు దగ్గరికి వచ్చినట్టు అవుతోంది.

ఈ కాగితం పుల్లయ్యన్నకు చదివి వినిపించు. వేరే వాళ్ళతో వద్దు, నువ్వే చదువు. తొమ్మిదో తారీకు లోపల ఇది చేరాలని ప్రార్థన చేస్తున్నాను. చేరకపోతే ఒక మంచి మనిషి ప్రాణం నా మూలంగా పోతుంది. అప్పుడు రెండు అవుతాయి. శనివారం మళ్ళీ ఫోన్ ఇస్తారు. అప్పటికి ఇది అందకపోయి ఉంటే పదిమంది వింటున్నా సరే అరిచి చెబుతాను.

ఆ అల్లాయ్‌ల మీద ఇంకొక్క గజం కూడా తోలొద్దు.

నన్ను నాయనా అని పిలవాలనిపించకపోతే పిలవద్దు.

గాబ్రియేలు


నందికొట్కూరు
11 ఏప్రిల్ 2025

నాయనా,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. అందుకే శనివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు "అందింది" అన్న ఒక్క మాట చెప్పి అమ్మకు ఇచ్చేశాను. నీ మీద కోపం ఉంది. ఎంతకాలం ఉంటుందో తెలీదు. దాని గురించి ఇప్పుడు రాయను. జరిగింది రాస్తాను.

చిన్నాయనకు చూపించాను. చదివి ముఖం నల్లబడింది. పొయ్యి వైపు చూపించి, "కాల్చెయ్ జీవితా. పోస్టులో పోయిందనుకో. పుల్లయ్యకు ఇది తెలిస్తే ఆ కత్తి మన ఇంటికే వస్తాది" అన్నాడు. "మరి బొజ్జన్న?" అన్నాను. "వానికి నేను ఎట్లన్నా చెప్పిస్తా, ఊరిడిసి పొమ్మని" అన్నాడు. అమ్మ అంతా విని ఒక్క మాటే అంది. "గురమ్మ నా పక్కన మిరప చాలు పట్టి కోసేది. నేను ఆ పొద్దు జ్వరమని పోలేదు." తట్టుకోలేక నేను రెండు రోజులు ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టి దాచాను. నాకు నిజంగా కాల్చాలనిపించింది, నీతో అబద్ధమెందుకు?

సంవత్సరీకానికి ముందు రోజు మధ్యాహ్నం పుల్లయ్య పెదనాయన ఇంటికి పోయాను. ఒక్కడే కూర్చుని విత్తనాలకు శెనక్కాయలు ఒలుస్తున్నాడు. కత్తి గోడకు ఆనించి ఉంది. నాయన ఉత్తరం రాశాడు, నీకు చదివి వినిపించమన్నాడు అన్నాను.

"సదువు" అన్నాడు.

చదివాను. ఆయన ఒలవడం ఆపలేదు. అయిపోయాక, "బొజ్జన్న ఏమన్నాడో ఆడ్నించి మళ్ళీ సదువు" అన్నాడు. మళ్ళీ చదివాను.

"అయితే బొజ్జన్న వద్దన్నాడు."

"వద్దన్నాడు పెదనాయనా."

"మీ నాయన ఏసినాడు."

"ఏసినాడు."

చేట పక్కన పెట్టాడు. "ఇంకొక్క దినం. ఇంకొక్క దినం అయింటే వద్దన్న మనిషిని నేను..." అని ఆగిపోయాడు. తర్వాత నా వైపు చూసి, "ఈ కాగితం మీ చిన్నాయన సూసినాడా?" అన్నాడు.

"సూసినాడు. కాల్చెయ్యమన్నాడు."

"నీవెందుకు కాల్చలేదు?"

"భయమైంది."

"నేనంటేనా?"

"కాదు" అన్నాను. దేనికి భయపడ్డానో చెప్పడం నాకు చేతకాలేదు. ఆయన లేచి, "ఆ నంబరు యాడ ఉంటాదో నాకు సూపించు" అన్నాడు.

మన వాకిట్లోకి తీసుకొచ్చాను. ఈ టైర్లకు నంబరు లేదు పెదనాయనా అని చెప్పాను. "లేకుండా ఎట్లుంటాది? లోపల్దిక్కు సూడు" అన్నాడు. అంతవరకు నాకు ఆ ఆలోచనే రాలేదు. బండి కింద పడుకుని ఫోన్ వెలుతురులో చూస్తే, ఉంది. 1117. ఎనిమిదేళ్ళ టైర్లు నాయనా. నంబరున్న వైపు లోపలికి తిప్పి బిగించారు. నేను టమోటాలేసుకుని తోలింది వాటి మీద. ఆయనకు చదవడం రాదు కాబట్టి, ఆయన కూడా కింద దూరి పడుకుంటే వేలు పట్టుకుని ఒక్కో అంకె మీద పెట్టి చూపించాను. ఆ వేలు అట్లే పెట్టుకుని చాలాసేపు ఉండిపోయాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"గురమ్మ పోయినప్పటి టైరుకు కూడా ఇంతే ఉండెనా?" అన్నాడు.

"అది ఇంకా పాతది పెదనాయనా."

మరుసటి రోజు సంవత్సరీకం అయింది. నిన్న చిన్నాయన దగ్గరుండి ఆ అల్లాయ్‌లు విప్పేశాడు. తలెత్తి నా ముఖం చూడలేదు. పక్కింటి ఆటోలో నేను, పుల్లయ్య పెదనాయన, మన పాత డిస్కులు వేసుకుని కర్నూలు పోయాం. కత్తి ఇంట్లోనే ఉందని నేను కళ్ళారా చూశాను, అయినా దారి పొడుగునా ఆయన చేతులే చూస్తూ కూర్చున్నాను.

బొజ్జన్న షాపుకు అద్దాల బదులు అట్టలు కట్టి ఉన్నాయి. పుల్లయ్య పెదనాయనను చూడగానే బొజ్జన్న నట్లు విప్పే పానా చేతిలోకి తీసుకుని వెనక్కి జరిగాడు. ఆ ముఖంలో భయం నేను మర్చిపోలేను.

పెదనాయన గడప దగ్గరే నిలబడి, "బొజ్జన్నా, ఈ పాప బండికి టైర్లు ఇయ్యి. నీకు ఏవి మంచివనిపిస్తే అవి" అన్నాడు.

బొజ్జన్న పానా కింద పెట్టి అట్లే కూర్చుండిపోయాడు. కాసేపటికి, "నేను కోర్టుకు పోయి చెప్పాల్సింది. పిలవలేదు కదా అని ఊరుకున్నా. ఆ పాపం నాకూ ఉండాది" అన్నాడు. పెదనాయన ఆటోలోంచి డిస్కులు దించి ఆయన ముందు పెట్టాడు.

బొజ్జన్న తుప్పు పట్టిన డిస్కులు కొట్టి చూసి, రెండు పనికొస్తాయని, మిగిలినవి మార్చాలని చెప్పాడు. కంపెనీ సైజు టైర్లు, నూటారు అంకె ఉన్నవి, ఈ సంవత్సరం తయారైనవే ఇచ్చాడు. స్టెప్నీతో కలిపి ఐదు. ఒక్కో టైరు దగ్గర పెదనాయన నన్ను ఆపి, "సదువు" అన్నాడు. ఐదింటికీ చదివాను.

ఆయన నిన్ను చూడాలంటున్నాడు. ఎందుకని అడిగితే చెప్పడు. నేనే తీసుకొస్తాను, మన బండిలో, నా పక్క సీట్లో. అంత దూరం నేనెప్పుడూ తోలలేదు. అమ్మ వద్దని ఏడ్చింది, తర్వాత తనే అన్నం కట్టిస్తానంది. ఇరవై ఆరున వస్తాం. ఆయన ఏం చేస్తాడో, ఏమంటాడో నాకు తెలీదు నాయనా. నువ్వు మాత్రం బయటికి రాకుండా ఉండిపోవద్దు.

జీవిత


కడప
26 ఏప్రిల్ 2025

జీవితమ్మకు,

మీరు పోయి గంట దాటింది. నువ్వు లోపలికి రాకుండా గేటు బయటే బండి దగ్గర ఉండిపోయావని పుల్లయ్యన్న చెప్పాడు. "మీ ఇద్దరి మాట మీరు మాట్లాడుకోండి అనింది నీ కూతురు" అన్నాడు. అందుకే ఇక్కడ జరిగింది నీకు రాస్తున్నాను. తెలుసుకునే హక్కు నీకుంది.

వార్డర్ నా పేరు రెండుసార్లు పిలిస్తే గానీ నేను లేవలేదు. ఇనుప జాలీ అవతల ఆయన నిలబడి ఉన్నాడు, ఉతికిన పంచె, తలపాగా. నేను మోకాళ్ళ మీద పడబోతే, "లెయ్" అన్నాడు.

"నిన్ను క్షమించినానని చెప్పనీకి రాలేదు గాబ్రియేలూ. ఆ మాట నాకు రాదు" అన్నాడు.

"ఆ మాట వద్దు అన్నా" అన్నాను.

"ఒకటి అడగాలని వచ్చినా. ఆ పొద్దు బండి ఎక్కినాక మా గురమ్మ ఏమన్నా మాట్లాడిందా? రెండేండ్లుగా ఎవర్నీ అడగలేకపోయినా. అడిగితే అబద్ధం చెప్తారని భయం. నీవు ఇప్పుడు నాతో అబద్ధం చెప్పవు."

నాకు గుర్తుంది జీవితా. ప్రతి మాటా గుర్తుంది. క్యాబిన్ వెనక కిటికీ తీసి ఉండింది. చెప్పాను. బండి ఎక్కినప్పటి నుంచి ఆమె నవ్వుతూనే ఉందని చెప్పాను. ఆ పొద్దు కూర ఆయనే వండాడట కదా. "నా మొగుడు ఈ పొద్దు వంట చేసినాడు మ్మే. వంకాయకూరలో ఉప్పు ఒకసారి ఏసినాడు, నేను నీళ్ళకు పోయొచ్చే లోపల మర్చిపోయి మళ్ళీ ఏసినాడు. ఎవురన్నా కూర మార్చుకుంటారా?" అని బండంతా వినపడేట్టు అడుగుతోంది. అందరూ నవ్వుతున్నారు. ఎవరో నేనిస్తానంటే, "వద్దులే, చేసినోడు నా మొగుడు, నేనే తింటా" అంది. ఆ మాట అయిపోయే లోపలే టైరు పగిలింది.

ఆయన జాలీ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మెల్లగా, "రెండు తూర్లు ఏసినానా?" అన్నాడు.

"ఏసినావంట అన్నా."

"నాకు చెప్పనే లేదు. సద్ది కట్టుకోని నవ్వుకుంటా పోయింది. ఎందుకు నవ్వుతాందో అనుకున్నా." ఆ మాటంటూ నవ్వాడు జీవితా. నవ్వుతూనే తల జాలీకి ఆనించి ఏడ్చాడు. నేను ఇవతల నుంచి ఆయన వేళ్ళను ముట్టుకోవాలనుకున్నాను, ధైర్యం చాలలేదు. టైమ్ అయిపోయిందని వార్డర్ అన్నాడు. పోతూ పోతూ ఆయన వెనక్కి తిరిగి, "నీ కూతురు మెల్లగా తోల్తాది. మలుపులో ముందే హారన్ కొడ్తాది" అన్నాడు. అంతే.

నేను ఇక్కడి అధికారికి ఒక కాగితం రాసిచ్చాను, బొజ్జన్న చెప్పినా నేను వినలేదని. దాంతో ఏమవుతుందో తెలీదు. శిక్ష పెరగవచ్చంటున్నారు, పెరగదంటున్నారు. భయంగానే ఉంది. కానీ గిన్నెల చప్పుడుకు ఈ పొద్దు నేను బల్ల కింద దూరలేదు.

ఇప్పుడు మధ్యాహ్నం మూడయింది. తోటలో మట్టి మీద చెయ్యి పెడితే కాలుతోంది. ఈ వేళకు మీరు మైదుకూరు దాటి ఉంటారు. రోడ్డు ఇంకా ఎంత కాలుతుంటుందో. టైర్లు కొత్తవే, నాకు తెలుసు. ఐదింటికీ నంబరు చదివానని రాశావు. అయినా ఇక్కడ కూర్చుని ఆ నాలుగు చక్రాలనూ నంద్యాల దాకా, ఆళ్ళగడ్డ మీదుగా, ఒక్కొక్క మలుపూ నేనే తిప్పుతున్నట్టుంది.

ఇల్లు చేరినట్టు ఒక్క ముక్క రాయమ్మా. ఇంకేమీ రాయకపోయినా సరే.

నాయన